నాలుగో పొయ్యి నిప్పు

పాలకోన పొలిమేర చేరేసరికి నీలకేతుడి దగ్గర కత్తి ఉంది గానీ ఒర లేదు, గుర్రం ఉంది గానీ జీను లేదు, పక్కన భార్య ఉంది గానీ ఆమె తలదాచుకోవడానికి జానెడు చూరు లేదు. ఒర, జీను యుద్ధంలో పోయాయి. చూరు మాత్రం మాంత్రికుడు ధూమ్రకేశి పుణ్యమా అని పోయింది.

కుందనగిరి రాజ్యాన్ని పొగతో కమ్మేసి ఏడిపిస్తున్న ఆ మాంత్రికుడి కోటని నీలకేతుడు కూల్చాడు. కోట కూలింది గానీ మాంత్రికుడు పొగలో పొగై తప్పించుకున్నాడు. పోతూ పోతూ ఆకాశంలోంచి ఒక మాట విసిరాడు. "నాకు నిలువ నీడ లేకుండా చేశావు. నీకూ ఉండదు పో! నీ తొలి బిడ్డ సొంత నేల మీద, సొంత పొయ్యి వెలిగిన కప్పు కింద పుడితే నీది. లేకపోతే నాది!"

ఆనాటి నుంచి ఆ ఆలుమగలు ఏ కప్పు కింద పడుకున్నా తెల్లారేసరికి అది పొగైపోయేది. మొదట సత్రం పోయింది. తర్వాత సేనాపతి గారి అతిథిగృహం. ఆ తర్వాత రాజుగారి విలాసమందిరం. అంతవరకూ "నీలకేతా, నువ్వు నా ప్రాణం" అంటూ కౌగిలించుకున్న రాజుగారు, మందిరం పోయిన పొద్దున మాత్రం "కొన్నాళ్ళు దేశాటన చేస్తే ఒంటికి మంచిది" అని ఎంతో ప్రేమగా సెలవిచ్చారు. రాజుల ప్రేమ అలాగే ఉంటుంది. పాపం, ఆయన్ని అనుకుని లాభం లేదు.

భార్య మందారికకి నెలలు నిండాయి. ఇక మిగిలింది తాతల నేల ఒక్కటే. చిన్నతనంలోనే కొలువు వెతుక్కుంటూ రాజధానికి వెళ్ళిపోయిన నీలకేతుడి తండ్రి, కన్నుమూసే దాకా "పాలకోనలో మనకీ వంతుందిరా" అని చెబుతూ ఉండేవాడు. కొడుకు ఆ నేలని కళ్ళతో చూడడం ఇదే మొదలు.

చూడవలసిన నేలే అది. మూడు వైపులా నీలి కొండలు, వాటి భుజాల మీంచి జారే తెల్లటి మబ్బులు, నడుమ పచ్చలు పరిచినట్టు జొన్న చేలు. ఏటి ఒడ్డున మొగలి పొదలు పూసి కోనంతా గుబాళిస్తోంది. చెరువు మీంచి లేచిన కొంగల బారు ఒకసారి చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడే వాలింది. ఇంత నేలలో ఎక్కడా ఒక్క గట్టు గాని, కంచె గాని, హద్దురాయి గాని లేదు. ఉన్న ఒక్క రాయీ బయటి పొలిమేర దగ్గరే ఉంది.

"ఇందులో మన వంతు ఏదో ఎలా తెలుస్తుంది దొరా?" అన్నాడు వెనకాల నడుస్తున్న డిండిముడు. ఇతడు పగటివేషాలు కట్టి బతికేవాడు. ఒకసారి మంత్రిగారి వేషం కట్టి మంత్రిగారి భోజనమే తినేసి ఉరికంబం ఎక్కాడు. నీలకేతుడు దింపాడు. అప్పటి నుంచి నీడలా పట్టుకుని వదలడం లేదు.

"మంచి చోటు చూసి గుంజ పాతితే అదే మన వంతు" అన్నాడు నీలకేతుడు. యుద్ధాలు గెలిచినవాడు కదా, అన్నీ అంత తేలికే అనుకున్నాడు.

ఏటి ఒడ్డున ఒక చదునైన మెరక మీద అతను గునపం దించబోతూ ఉండగా, వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవర్ని అడిగి తవ్వుతున్నావు నాయనా?"

తలంతా నెరిసిన ఒక ముసలామె చంకలో గంపతో నిలబడి ఉంది. నీలకేతుడు తన పేరు, తండ్రి పేరు చెప్పాడు. ఆమె గంప కింద పెట్టి, దగ్గరికి వచ్చి, అతని గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ వెంటనే అతని చేతిలో గునపం లాగేసుకుంది.

"నేను సంపెంగమ్మని, నీ మేనత్తని. మీ నాన్న నా వేలు పట్టుకునే నడక నేర్చుకున్నాడు. నా మేనల్లుడివే గానీ, అడక్కుండా మన్ను గిల్లితే చెయ్యి విరగ్గొడతాను."

"నా వంతు నేలలోనే కదత్తా..."

"వంతా? ఏదీ, చూపించు. మన నేలలో గట్టు ఎక్కడైనా కనబడిందా? ఇది అందరిదీ. అందరిదీ గనక ఎవరిదీ కాదు. ఇక్కడ పొయ్యి పెట్టుకోవాలంటే పొయ్యి పొయ్యికీ వెళ్ళి నిప్పు అడగాలి. అందరి నిప్పూ కలిస్తేనే కొత్త పొయ్యి."

ఆమె తన ఇంటికి తీసుకుపోయి పద్ధతి చెప్పింది. అడగవచ్చినవాడు ఆయుధం పట్టకూడదు, తలపాగా చుట్టకూడదు, ముఖం దాచకూడదు. గడప ఇవతలే నిలబడి తను ఎవరి బిడ్డో చెప్పుకుని, "మన నేల మీద పొయ్యి పెట్టుకుంటాను, మీ మాట ఏమిటి?" అని అడగాలి. ఒప్పుకున్నవాళ్ళు తమ పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక తీసి కుంపట్లో వేస్తారు. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో చెబుతారు. చెప్పినదాన్ని కూర్చుని వినాలి, కోప్పడకూడదు.

"ఒక్కరు కాదంటే?" అన్నాడు డిండిముడు.

"వాళ్ళు అవుననేదాకా తిరగాలి. చెప్పులు అరిగితే ఇంకో జత కుట్టించుకోవాలి."

మందారిక అత్తగారి వాకిట్లో, ఎండలోనే, మంచం మీద కూర్చుంది. లోపలికి రమ్మని సంపెంగమ్మ ఎంత బతిమాలినా రాలేదు. "మేము పడుకుంటే మీ ఇల్లు పొగైపోతుందత్తా. బయటే బాగుంది" అంది. అలా అంటూ పొట్ట మీద చెయ్యి వేసుకుంది.  నీలకేతుడు ఎంతో మంది శత్రువుల్ని చూసినవాడు గానీ, భార్య భయపడకుండా ఉండడానికి పడుతున్న పాటు చూడలేకపోయాడు. కత్తి అక్కడే పెట్టి, కుంపటి చేతపట్టుకుని వెంటనే బయల్దేరాడు.

మొదటి కణిక అత్తదే. "అడుగు, పద్ధతి పద్ధతే" అని గడప ఇవతల నిలబెట్టి అడిగించుకుని మరీ వేసింది. పైన పిడకల బూడిద చల్లి, "నివురు కప్పి ఉంచితే రేపటి దాకా ఆరదు. ఊదుతూ కూర్చోకు" అని చెప్పింది.

రెండో ఇల్లు గవరయ్యది. నీలకేతుడి రెండో పెదనాన్న కొడుకు, వరసకి అన్న. మనిషి గేదెలతో మాట్లాడినంత మర్యాదగా మనుషులతో మాట్లాడడని పేరు. నీలకేతుడు అడగవలసిన మాట అడిగాడు. గవరయ్య పళ్ళు తోముకోవడం పూర్తయ్యే దాకా జవాబు చెప్పలేదు.

"ఏటి ఒడ్డున మెరక మీదా? కుదరదు తమ్ముడూ. అది మా గేదెలు నీళ్ళకి వెళ్ళే దారి. గేదెకి ఒకసారి దారి అలవాటైందంటే రాజుగారు అడ్డం నిలబడ్డా తప్పుకోదు. మీ ఇంట్లోంచే పోతుంది."

నీలకేతుడికి ఒళ్ళు మండింది. పొగకోట గోడలు పగలగొట్టినవాడు గేదెల దగ్గర ఆగడమా? కానీ కోప్పడకూడదని అత్త చెప్పింది. నోరు మూసుకుని కూర్చుని, గేదెల అలవాట్లన్నీ పేరు పేరునా విన్నాడు. విన్నాక, "అయితే ఎక్కడ కట్టుకోమంటావన్నా?" అని అడిగాడు.

ఆ మాటతో గవరయ్య ముఖం వెలిగింది. అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు మరి. చేతికర్ర తీసుకుని కోనంతా తిప్పి, మెరకకి కాస్త ఎగువన, చలిగాలి తగలని చోటు చూపించాడు. "వాకిలి తూర్పుకి పెట్టు. మా ఆవిడ నీళ్ళకి వస్తూ మీ ఆవిడతో మాట్లాడుకోవచ్చు" అని కూడా అన్నాడు. కణిక వేశాడు, పైగా ఇంటి నడిమి గుంజకి పనికొచ్చే మంచి చేవ దుంగ ఒకటి ఇచ్చాడు.

మూడో ఇల్లు పెద్దది. అందులో ఉండేది వంశానికి పెద్ద, రుద్రాయుధుడు. ఆయన ఏళ్ళ తరబడి కోనని కాపాడినవాడు. గొంతు ఎత్తకుండానే మాట చెల్లించుకునే మనిషి. తమ్ముడి కొడుకుని తేరిపార చూశాడు గానీ దగ్గరికి తీసుకోలేదు.

"ఇంకా ఎవర్ని అడిగావు?" అన్నాడు.

"అందర్నీ అడిగాను పెదనాన్నా. మీరే ఆఖరు."

పెద్దాయన పటకారు పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం గాల్లోనే ఆగింది. "అందర్నీనా... సరే" అని కణిక కుంపట్లో వేసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే గొయ్యి తవ్వారు. ఇంటి కప్పునంతా మోసే నడిమి గుంజ, నిట్రాడు, అందరూ కలిసి ఎత్తి నిలబెట్టారు. మన్ను పూడ్చారు. డిండిముడు చేతులు దులుపుకుని, "ఇక మనల్ని ఎవడు..." అని మొదలుపెట్టాడు. మాట పూర్తి కాలేదు. నిట్రాడు కదిలింది. ఎండి గట్టిపడ్డ నేల ఊబిలా మెత్తబడి, మనిషికి రెండింతలున్న దుంగని నెమ్మదిగా, ఏ చప్పుడూ లేకుండా మింగేసింది. పైన మన్ను మళ్ళీ ఎప్పటిలా గట్టిపడింది.

 సంపెంగమ్మ అన్నగారి వైపు తిరిగింది.

"నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

రుద్రాయుధుడు తల తిప్పుకుని ఇంటి వైపు నడిచాడు. అప్పుడు ఆమె చెప్పింది. మూడు కాదు, నాలుగు పొయ్యిలు. అందరికన్నా చిన్నవాడు సోముడు. మంత్రాలు నేర్చుకుంటానని ఆకులూ వేళ్ళూ పట్టుకు తిరిగేవాడు. ఒక ఏడు కోనలో పశువులు కుప్పకూలాయి. సోముడి మంత్రాల వల్లేనని పెద్దన్నకి తోచింది. ఎవర్నీ కూర్చోబెట్టలేదు, ఎవర్నీ అడగలేదు. పొద్దున్నే వెళ్ళి తమ్ముడి పొయ్యి మీద కుండెడు నీళ్ళు కుమ్మరించి పొమ్మన్నాడు. పశువులు తిన్నది కొండ మీది విషపు మొక్క అని ఆ తర్వాత తెలిసింది. తెలిసినా ఆయన నోరు విప్పలేదు, మిగతావాళ్ళూ విప్పలేదు.

"వాడు చల్లారని పొయ్యిరాళ్ళు మూటకట్టుకుని పోయాడు. ఆ పొగ అలా లేస్తూనే ఉంది. నేను పొలిమేర దాకా వెంటపడి ఏడ్చాను గానీ అన్నకి ఎదురు చెప్పలేదు" అంది సంపెంగమ్మ. "ఇప్పుడు పొగలోయలో ఉంటున్నాడు. మేము సోముడంటాం. లోకం ధూమ్రకేశి అంటుంది."

నీలకేతుడి గుండెల్లో రాయి పడింది. తన బిడ్డని అడుగుతున్నవాడు తన చిన్నాన్న! ఆ చిన్నాన్న ఒప్పుకుంటే గానీ బిడ్డకి చూరు లేదు!

"దీనికి ఇంత ఆలోచనా?" అన్నాడు డిండిముడు. "నేను సోముడి వేషం కడతాను. గడప లోపల నిలబడి కణిక వేస్తాను. కాస్త పొగ పెట్టించండి చాలు."

సంపెంగమ్మ గరిటె తీసేసరికి ఆ ఆలోచన అక్కడికి ముగిసింది.

మందారిక, భర్త మళ్ళీ నడుముకి కట్టుకున్న కత్తిని తనే విప్పి తీసుకుంది. "మనం ఆయన కోట కూల్చాం. ఆయన మన బిడ్డని తనదన్నాడు. మీరిద్దరూ ఒకరినొకరు ఏమీ అడక్కుండానే ఇంత చేసుకున్నారు" అంది. "వెళ్ళి అడుగు. నాకు భయంగానే ఉంది. అయినా వెళ్ళు."

*

పాలకోన వెనక కొండ దాటితే పొగలోయ. అక్కడ సూర్యుడు రాగిచెంబులా వెలవెలబోతూ కనిపిస్తాడు. ఆకులేని చెట్ల మీద ఊదారంగు పొగ బూజులా వేలాడుతుంది. బండల నెర్రెల్లోంచి పొగ పాయలు పాయలుగా లేచి, కాసేపు గోపురంలా, కాసేపు ఏనుగులా, కాసేపు ఏడుస్తున్న ఆడమనిషిలా ఆకారం కట్టి చెదిరిపోతుంది. పక్షి కూత లేదు.

లోయ ముఖద్వారం దగ్గర బూడిదభటులు కాపలా ఉన్నారు. డిండిముడు ముందే ఒంటి నిండా బూడిద పూసుకుని, నీలకేతుడికీ పూసి, నడుం వంచి ముక్కుతో మాట్లాడుతూ వెళ్ళాడు.

"దొరవారికి చలి జ్వరం! కుంపటి తెమ్మన్నారు. ఆలస్యమైతే ఎవరు ఆపారో పేర్లు చెప్పమన్నారు."

పేర్లు అనగానే భటులు దారి వదిలారు. ఎక్కడైనా భటులు భటులే.

తర్వాత అగాధం, దాని మీద చిల్లుల తాళ్ళవంతెన. సగం దాటేసరికి డిండిముడు ఆపుకోలేక తుమ్మాడు. బూడిద ఎగిరిపోయి ముఖం బయటపడింది. వెనక భటులు కేక పెట్టారు. లోయలోంచి పొగపులులు లేచాయి. కత్తి ఉన్నా లాభం ఉండేది కాదు, నరికితే ఒకటి రెండవుతుంది. నీలకేతుడు కుంపటి గుండెకి అదుముకుని పరుగెత్తాడు. ఒక పులి పంజాకి తాళ్ళు పుటుక్కున తెగాయి. వెనక ఉన్న డిండిముడు తెగిన తాడు పట్టుకుని ఇవతలి గోడకి వేలాడాడు. నీలకేతుడు ఎగిరి అవతలి అంచు మీద పడ్డాడు. ఆ అదురుకి కుంపట్లోంచి ఒక కణిక ఎగిరి అగాధం వైపు దొర్లింది.

అతను ఆలోచించలేదు. ఒట్టి చేత్తో పట్టుకున్నాడు.

చెయ్యి కాలి కమురు వాసన వేసింది. పళ్ళు బిగించి కణికని కుంపట్లో వేశాడు. నివురు చెదిరి మూడు కణికలూ ఎర్రగా వెలిగేసరికి, మీదికి వస్తున్న పొగపులులు ఆగిపోయాయి. వాసన చూశాయి. తోకలు ముడిచి, పెంపుడు కుక్కల్లా దారికి అటూ ఇటూ పడుకున్నాయి. ఎందుకో నీలకేతుడికి అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు.

గుహ ముందు ఊటనీళ్ళతో ముఖం మీది బూడిద కడుక్కున్నాడు. గుహకి గడప లేదు, ఒక రాయి అడ్డంగా పడి ఉంది. దాని ఇవతల నిలబడ్డాడు.

లోపల ధూమ్రకేశి కూర్చుని ఉన్నాడు. నడుం దాటిన జుట్టు కొసల్లోంచి పొగ లేస్తోంది. ఎదురుగా మూడు పొయ్యిరాళ్ళు, ఇన్నేళ్ళయినా తడిగా, పొగలు కక్కుతూ ఉన్నాయి.

"నువ్వా!" అని చెయ్యెత్తి లేచాడు మాంత్రికుడు. గుహంతా కంపించింది. "నా కోట కూల్చింది చాలక గుహ కూల్చడానికి వచ్చావా?"

 నీలకేతుడు అత్త నేర్పిన మాట తప్పకుండా చెప్పాడు. "నేను పాలకోన చంద్రాయుధుడి కొడుకుని. మన నేల మీద పొయ్యి పెట్టుకుంటాను. మీ మాట ఏమిటి చిన్నాన్నా?"

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. పొగ కదలడం మానేసింది.

"ఏమన్నావు?"

నీలకేతుడు మళ్ళీ అన్నాడు. 

 ధూమ్రకేశి చూపు అతని కాలిన చేతి మీద పడింది. "నిప్పు పట్టుకున్న చెయ్యే అది. ఎవరి పొయ్యిది ఆ కణిక?"

"సంపెంగత్తది."

"అయితే నా పులులు పడుకున్నది ఇంటి నిప్పు వాసనకన్నమాట!" అన్న మాంత్రికుడి ముఖం ఏదోలా అయిపోయింది. వెంటనే దాన్ని దిద్దుకున్నాడు. "నా మాట కావాలా? ఇస్తాను. కానీ ఆరిన పొయ్యిలోంచి కణిక ఎలా తియ్యను? ఆ మూడు కణికలూ నా పొయ్యిలో వెయ్యి. వెలిగితే అందులోంచి నాలుగోది తీసుకుపో. నీ బిడ్డ నీకు దక్కుతాడు."

నీలకేతుడు కుంపటి ఎత్తాడు. మందారిక కళ్ళ ముందు మెదిలింది. ఒక్క అడుగు లోపలికి వేసి కుమ్మరిస్తే చాలు. ఎవరు చూడొచ్చారు?

ఎత్తిన కుంపటి దించాడు.

"వెయ్యలేను చిన్నాన్నా. ఈ నిప్పు నాది కాదు. నా ఇంటి కోసం ఇచ్చారు. నీ పొయ్యి వెలిగించాలంటే వాళ్ళని అడగాలి."

"అడగాలా?" మాంత్రికుడు అరిచాడు. "నీ పెళ్ళానికి ఏ క్షణాన నొప్పులు మొదలవుతాయో తెలీదు! అడుగుతూ కూర్చుంటావా?"

"ఒకసారి అడక్కపోబట్టే కదా ఇంత జరిగింది."

ఆ మాటకి ధూమ్రకేశి కూలబడ్డాడు. పెద్ద మనిషి, రాజ్యాలు గడగడలాడించినవాడు, మోకాళ్ళ మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఈ ఒక్క మాట ఆ రోజు ఎవరో ఒకరు అని ఉంటే..." అన్నాడు. "నువ్వు నిప్పు కుమ్మరించి ఉంటే ఈ గుహ మూసుకుపోయేది. నువ్వూ వాళ్ళలాంటివాడివే అనుకుని మూసేద్దామనుకున్నాను."

లేచి, పొగలు కక్కే ఆ పొయ్యిరాళ్ళని పాత గుడ్డలో మూటకట్టుకున్నాడు. "పద. అడుగుదాం."

అగాధం మీద తన జుట్టు పొగనే వంతెనగా పరిచాడు. తాడుకి వేలాడుతూ, ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్న డిండిముడిని కూడా దారిలో ఏరుకున్నారు. "ఇతనితోనా దొరా?" అని చెవిలో అడిగి, జవాబు వినకుండానే అందరికన్నా ముందు నడిచాడు డిండిముడు.

*

పొద్దు వాలుతూ ఉండగా పొలిమేర చేరారు. మందారికకి నొప్పులు మొదలైపోయాయి. మెరకకి ఎగువన, ఇల్లు కట్టాలనుకున్న చోటే, దుప్పట్లు చాటు కట్టి సంపెంగమ్మ, గవరయ్య భార్య ఆమె దగ్గర ఉన్నారు. భార్య మూలుగు వినగానే నీలకేతుడు పరుగు తీశాడు. ధూమ్రకేశి మాత్రం పొలిమేర రాయి దగ్గరే ఆగిపోయాడు.

"అడక్కుండా గెంటారు" అన్నాడు. "అడక్కుండా రాను."

చిన్నాన్న పొయ్యి వెలిగితేనే నాలుగో కణిక అని నీలకేతుడు కేక వెయ్యడంతో వంశమంతా వచ్చింది. గవరయ్య చేతికర్ర బిగించి పట్టుకున్నాడు. అందరినీ దాటుకుని రుద్రాయుధుడు ముందుకు వచ్చాడు. నడుముకి కత్తి ఉంది. నెరిసిన మీసాలు అదురుతున్నాయి. అన్నదమ్ములిద్దరూ రాయికి అటూ ఇటూ నిలబడ్డారు. కుంపట్లో కణికలు మసకబారుతున్నాయి. దుప్పట్ల చాటునుంచి మందారిక మళ్ళీ కేక పెట్టింది.

పెద్దాయన కత్తి విప్పి కింద పడేశాడు. తలపాగా తీశాడు. ఆయన తల ఒట్టిగా ఉండగా కోనలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. జనం వైపు తిరిగాడు.

"గవరయ్యా, అడుగుతున్నానురా. సోముడి పొయ్యి మళ్ళీ వెలిగిద్దామా? నీ మాట ఏమిటి?"

గవరయ్య చేతికర్ర దించాడు. పెదనాన్న తనని ఏదైనా అడగడం ఇదే మొదలు. "నా కణిక వాడుకోండి పెదనాన్నా" అన్నాడు.

"సంపెంగీ, నీ మాట?"

"ఆ రోజు అడిగినా ఇదే చెప్పేదాన్ని" అంది ఆమె దుప్పట్ల వెనక నుంచి. "త్వరగా కానివ్వండి!"

అప్పుడు పెద్దాయన తమ్ముడి వైపు తిరిగాడు. చెప్పవలసినది చాలా ఉంది. ఆ విషపు మొక్క సంగతి ఉంది, ఇన్నేళ్ళ మౌనం ఉంది. ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి అడిగింది ఇదీ:

"అన్నం తిన్నావట్రా?"

సోముడు తల అడ్డంగా ఊపాడు. అన్న చెయ్యి చాచాడు. తమ్ముడు రాయి దాటాడు.

ఆ తర్వాత అన్నీ పరుగుల మీద జరిగాయి. పొయ్యిరాళ్ళు నేల మీద పెట్టారు. మూడు కణికలూ వేశారు. ఊది ఊది డిండిముడి బుగ్గలు వాచాయి. తడిరాళ్ళు చిటపటలాడి, ఇన్నేళ్ళ పొగ ఒక్కసారి ఆగి, మంట లేచింది. సోముడు అందులోంచి కణిక తీసి నీలకేతుడి కుంపట్లో వేశాడు. మిగతా ముగ్గురూ తమ పొయ్యిల్లోంచి మళ్ళీ తలా ఒకటి వేశారు. నాలుగు నిప్పులూ కలిశాయి. గవరయ్య తన పశువులశాల దూలమే పీకి తెచ్చాడు. అందరూ కలిసి గోతిలోకి దించి మన్ను తొక్కారు.

ఊపిరి బిగబట్టి చూశారు. నిట్రాడు కదల్లేదు.

నీలకేతుడు దాన్ని కౌగిలించుకుని ఏడ్చాడు. ఏడ్చినందుకు సిగ్గుపడలేదు. "గడ్డి! వెదుళ్ళు! కప్పు వెయ్యండి!" అని గవరయ్య కేకలు వేస్తున్నాడు.

అప్పుడే కోన మీద చీకటి పడ్డట్టయింది. పొద్దు ఇంకా ఉంది. వెనక కొండ మీంచి నల్లటి పొగ గోడలా లేచి ఇటే వస్తోంది. దాని నిండా పులుల కళ్ళు.

"నీ పొగే కదా, ఆపు చిన్నాన్నా!" అన్నాడు నీలకేతుడు.

సోముడి జుట్టు కొసల్లో ఇప్పుడు పొగ లేదు, తెల్లగా నెరిసి ఉంది. "నా పొయ్యి వెలిగింది. ఇక అది నా మాట వినదురా" అన్నాడు. "ఇన్నేళ్ళూ కోపం తినిపించి పెంచాను. బిడ్డ నాదని నేనన్న మాట మాత్రం దానికి గుర్తుంది. కప్పు పడి మీ పొయ్యి వెలిగే దాకా దాన్ని పొలిమేర దగ్గర నిలబెట్టగలనేమో చూస్తాను."

తన పొయ్యిలోంచి మండుతున్న కొరివి ఒకటి లాగి, రాయి వైపు నడిచాడు. రుద్రాయుధుడు వెంట రాబోతే చేత్తో వారించాడు. రాయి దాటబోతూ ఒక్కసారి వెనక్కి తిరిగాడు.

"అన్నయ్యా! నా వంతు అన్నం తీసి ఉంచు. వస్తాను."

పొగ అతని మీద మూసుకుంది. ఇవతల గవరయ్య మొదటి వెదురు పైకి అందించాడు.